రెక్క ఎముకకు ఎక్స్‌రే ఎలా తీస్తారు?

'రెక్కాడితేగాని డొక్కాడదు' అన్న సామెత మీకు తెలుసు. దాని అర్థం కళ్ళారా చూడాలంటే కోనసీమలో ఏ కొబ్బరి తోటకైనా వెళ్ళండి. దింపు కార్మికుడు కాళ్ళకు తాడు తగిలించుకుని, చేతులతో చెట్టును కరచుకుని, నలభై యాభై అడుగుల ఎత్తుకు ఎగబాకుతాడు. పైకి చేరాక ఒక చేత్తో మట్టను పట్టుకుని, రెండవ చేత్తో కత్తి ఆడిస్తాడు. అంబాజీపేట మార్కెట్టులో కొబ్బరి బస్తాలను లారీలకెత్తే కూలీలు, ధాన్యం బస్తాలను వీపున మోసే మిల్లు కార్మికులు, గోదావరి పాయల్లో వల విసిరే జాలరులు - వీరందరి బతుకూ భుజం మీదనే ఆధారపడి ఉంది. ఆ భుజానికి ఆధారమైన ఎముక పేరు మాత్రం మనలో చాలామంది విని ఉండరు.

అది వీపు పైభాగాన, రెండు పక్కలా ఉండే పలక వంటి ఎముక. మామూలు మాటల్లో రెక్క ఎముక అంటాం. శాస్త్ర గ్రంథాలలో 'అంసఫలకం' అనీ, ఇంగ్లీషులో 'స్కాపులా' అనీ అంటారు.

చెట్టు మీదినుంచి పడిన మనిషినో, విద్యుద్ఘాతం తగిలిన మనిషినో ఆసుపత్రికి తెచ్చినప్పుడు వైద్యుడు భుజానికి ఎక్స్‌రే తీయించమంటాడు. ఎక్స్‌రే గదిలో రేడియోగ్రాఫర్ "ఇటు తిరుగు, ఇంకొంచెం తిరుగు, చేయి ఇలా పెట్టు, కదలకు" అని చాలాసేపు సర్దుతాడు. మీట నొక్కటం మాత్రం క్షణంలో అయిపోతుంది. నొప్పితో ఉన్నవాడిని ఇంతగా తిప్పటం దేనికి? ఎలా నిలబెట్టినా ఎముక ఎముకే కదా? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుందాం.

వీపు మీది పలక

ముందుగా ఈ ఎముకను చేత్తో తడిమి తెలుసుకోవాలి. మీ స్నేహితుణ్ణి వీపు మీకు కనిపించేటట్లు నిలబెట్టండి. భుజం పైనుంచి వెన్నెముక వైపుకు వేళ్ళతో తడమండి. చర్మం కింద అడ్డంగా గట్టి గట్టు తగులుతుంది. అది స్కాపులాపై ఉండే 'కంటకం'. ఆ గట్టు వెంట బయటకు వెళితే భుజం కొసన చదునైన ఎముక వస్తుంది. దాని పేరు 'అక్రోమియాన్'. ఇప్పుడు గట్టునుంచి కిందికి రండి. పలక క్రమంగా సన్నబడి, కింద ఒక మొనగా ముగుస్తుంది. అంటే స్కాపులా తలకిందులుగా ఉన్న త్రిభుజం అన్నమాట. పెద్దవారిలో దాని పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. అది రెండవ ప్రక్కటెముక నుంచి ఏడవ ప్రక్కటెముక వరకు ఆక్రమించి ఉంటుంది.

కింది మొన ఉన్నచోట చొక్కా మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. స్నేహితుణ్ణి ఆ చేయి పూర్తిగా పైకెత్తమనండి. మళ్ళీ మొనను వెతకండి. అది పాత గుర్తు దగ్గర ఉండదు. బయటివైపుకు, చంకవైపుకు జరిగి ఉంటుంది. చేయి 180 డిగ్రీలు పైకి లేస్తే, అందులో సుమారు 120 డిగ్రీలు భుజం కీలుదీ, 60 డిగ్రీలు స్కాపులా తిరగటంవల్ల వచ్చేదీ. చేయి కదిలితే పలక కదులుతుంది. ఈ విషయం గుర్తుంచుకోండి. రేడియోగ్రాఫర్ చేసే పని అంతా దీనిమీదనే ఆధారపడి ఉంది.

స్కాపులాకు 17 కండరాలు అతుక్కుని ఉంటాయి. మొండెంలోని అస్థిపంజరంతో దానికి ఉన్న ఎముకల సంబంధం ఒక్క జత్రుక, అంటే మెడకింది అడ్డ ఎముక, ద్వారా మాత్రమే. మిగిలినదంతా కండరాలలో తేలుతున్నట్లుగా ఉంటుంది. పలక బయటి కొసన లోతులేని గుంట ఒకటి ఉంది. దండచేయి ఎముక గుండ్రని తల ఆ గుంటలో ఆనుతుంది. ప్రమిదలో నిమ్మకాయ పెట్టినట్లు ఊహించుకోండి. గుంట లోతు తక్కువ కాబట్టి మన చేయి అన్ని వైపులా తిరగగలదు. ఆ కారణంగానే భుజం కీలు తేలికగా జారుతుంది కూడా.

ఎక్స్‌రే అంటే నీడ

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఒక కొత్తరకం కిరణాలను కనుగొన్నాడు. ఏమిటో తెలియని కిరణాలు కాబట్టి వాటికి ఎక్స్-కిరణాలు అని పేరు పెట్టాడు. ఆ డిసెంబరులో ఆయన తన భార్య చేతికి తీసిన చిత్రంలో వేళ్ళ ఎముకలు, వేలి ఉంగరం స్పష్టంగా కనిపించాయి. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే లభించింది.

ఎక్స్‌రే చిత్రాన్ని ఫొటో అంటుంటాం గాని, నిజానికి అది నీడ. కిరణాలు చర్మంలోనుంచి, కండలోనుంచి చాలావరకు దూసుకుపోతాయి. ఎముకలోని కాల్షియం వాటిని ఎక్కువగా అడ్డుకుంటుంది. అడ్డుపడినంత మేర అవతలి ఫలకం మీద తెల్లని ఆకారం ఏర్పడుతుంది. ఇదివరలో ఆ ఫలకంలో ఫిల్ము ఉండేది. దాన్ని చీకటి గదిలో కడిగేవారు. ఇప్పుడు చాలాచోట్ల డిజిటల్ ఫలకం వచ్చి, చిత్రం కంప్యూటరు తెరపై కనిపిస్తోంది. యంత్రం మారినా నీడ సూత్రాలు మారలేదు.

ఆ సూత్రాలు తోలుబొమ్మలాట ఆడేవారికి బాగా తెలుసు. కాకినాడ దగ్గరి మాధవపట్నం ఈ కళకు పేరుపొందిన ఊరు. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే నీడ స్పష్టంగా పడుతుంది. దీపం వైపుకు జరిపితే పెద్దదై, అంచులు మసకబారుతుంది. రెండు బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వస్తే నీడలు కలిసిపోతాయి. చాలా బొమ్మల ముఖాలు పక్కకు తిరిగి ఉండటం కూడా మీరు గమనించే ఉంటారు. ముక్కు, గడ్డం తీరు పక్కనుంచే తెలుస్తాయి.

ఎక్స్‌రే గదిలోనూ ఇవే మూడు సూత్రాలు: చూడవలసిన ఎముక ఫలకానికి దగ్గరగా ఉండాలి, వేరే ఎముక అడ్డు రాకూడదు, ఎముక సరియైన వైపుకు తిరిగి ఉండాలి.

మొదటిదాన్ని లెక్కకట్టి చూద్దాం. ఎక్స్‌రే గొట్టం ఫలకానికి 100 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. 15 సెంటీమీటర్ల స్కాపులా ఫలకానికి 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, నీడ పొడవు 15 × 100 ÷ 95, అనగా 15.8 సెంటీమీటర్లు. అదే 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 15 × 100 ÷ 80, అనగా 18.75 సెంటీమీటర్లు. నీడ పెరగటమే కాదు, మసకబారుతుంది కూడా. అందుకే ఈ మొదటి చిత్రానికి రోగి వీపును ఫలకానికి ఆనించి నిలబెడతారు.

ప్రక్కటెముకల అడ్డు

చేయి గాని, కాలు గాని అయితే ఫలకం మీద పరిచి చిత్రం తీయవచ్చు. స్కాపులా అలా కాదు. దాని ముందు ప్రక్కటెముకల గూడు, ఆ గూటిలో ఊపిరితిత్తులు ఉన్నాయి. ముందునుంచి వచ్చే కిరణాలు వీటన్నిటినీ దాటి స్కాపులాను చేరాలి. అందువల్ల నీడలో పలక మీద ప్రక్కటెముకలు చారలుగా పడతాయి. ఆ చారల మధ్య సన్నని బీట ఉంటే గుర్తుపట్టడం కష్టం.

ప్రక్కటెముకలను తీసి పక్కన పెట్టలేం. స్కాపులానే పక్కకు జరపాలి. ఎలా జరపాలో మీరు సుద్దముక్క ప్రయోగంలో చూశారు. చేయిని పక్కకు, భుజం ఎత్తు వరకు లేపి, మోచేయి వంచి, అరచేయి ముందుకు వచ్చేటట్లు పెడతారు. నెత్తిమీది గంపను ఒక చేత్తో పట్టుకోబోయే మనిషి భంగిమ దాదాపు ఇలాగే ఉంటుంది. చేయి లేవగానే పలక బయటివైపుకు జారి, దాని బయటి అంచు ప్రక్కటెముకల గూడు దాటి వస్తుంది. కిరణాలను పలక మధ్య భాగానికి సూటిగా గురిపెడతారు.

అయినా లోపలి సగం ప్రక్కటెముకల వెనకనే ఉండిపోతుంది. దానికొక చక్కని ఉపాయం ఉంది. ఈ పేజీకి ముందు మీ చేయి పెట్టి, వేళ్ళు విడదీసి, అటూ ఇటూ వేగంగా ఊపండి. వేళ్ళ వెనక అక్షరాలు చదవగలుగుతున్నారు కదూ? తిరుగుతున్న ఫంకా రెక్కల వెనక ఇంటికప్పు కనిపించటం కూడా ఇటువంటిదే. కదిలేది మసకబారి చెదిరిపోతుంది, కదలనిది నిలుస్తుంది. రోగిని మెల్లగా, తేలికగా ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉండమని, రెండు మూడు సెకన్లపాటు కిరణాలను పంపుతారు. ఊపిరితోపాటు ప్రక్కటెముకలు కదిలి వాటి నీడ చెదిరిపోతుంది. ఫలకానికి ఆనుకుని ఉన్న స్కాపులా కదలదు కాబట్టి దాని నీడ నిలుస్తుంది.

ఎక్కువసేపు కిరణాలు పంపితే ప్రమాదం కాదా అని మీకు అనుమానం రావచ్చు. కుళాయిని బాగా తిప్పి బిందె ఒక్క నిమిషంలో నింపినా, సన్నధారగా వదిలి పది నిమిషాల్లో నింపినా నీళ్ళు ఒక బిందెడే. ఇక్కడ కూడా సమయం పెంచినప్పుడు కరెంటును తగ్గిస్తారు. అయితే రోగి నొప్పితో వణుకుతూ, కదలకుండా ఉండలేకపోతే ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు ఊపిరి బిగబట్టమని, త్వరగా తీసేస్తారు.

పక్కనుంచి చూస్తే 'వై'

ఇక రెండవ చిత్రం. ఇది స్కాపులాను అంచువైపునుంచి చూసేది. మీ నోటుపుస్తకాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుంటే అట్ట అంతా కనిపిస్తుంది. పక్కకు తిప్పితే సన్నని గీతలాగా కనిపిస్తుంది. స్కాపులా పలక కూడా అంతే. కాని ఆ గీత పైకొసన రెండు కొమ్మలు చీలి ఉంటాయి. వెనకవైపు కొమ్మ అక్రోమియాన్. ముందువైపు కొమ్మ, కాకి ముక్కులా వంగి ఉండే 'కొరకాయిడ్' ఎముక. మొత్తం ఆకారం ఇంగ్లీషు అక్షరం 'వై' లాగా, పంగల కర్రలాగా ఉంటుంది. అందుకే ఈ చిత్రానికి 'వై' చిత్రం అనే పేరు వచ్చింది. దండచేయి ఎముక తల ఆనే గుంట సరిగ్గా ఆ పంగ దగ్గరే ఉంటుంది.

దీనికి రోగిని ఎంత తిప్పాలి? స్కాపులా వీపుకు సమతలంగా ఉండదు. దాని బయటి అంచు సుమారు 30 డిగ్రీలు ముందుకు వాలి ఉంటుంది. రోగి ముఖం ఫలకం వైపు ఉన్నప్పుడు పలకకూ ఫలకానికీ మధ్య కోణం 30 డిగ్రీలన్నమాట. పలక అంచువైపునుంచి కనిపించాలంటే ఆ కోణం 90 డిగ్రీలు కావాలి. 90 లోంచి 30 తీసివేస్తే 60. కనుక దెబ్బ తగిలిన భుజాన్ని ఫలకానికి ఆనించి ఉంచి, రెండవ భుజం వెనక్కు వచ్చేటట్లు దేహాన్ని సుమారు 60 డిగ్రీలు తిప్పాలి. అందరి వీపులూ ఒక్క తీరుగా ఉండవు కాబట్టి ఇది 45 నుంచి 60 డిగ్రీల దాకా మారుతుంది. అందుకే రేడియోగ్రాఫర్ కోణమానిని పట్టుకోడు. బొటనవేలితో ఒక అంచును, మిగతా వేళ్ళతో రెండవ అంచును తడిమి, పలక ఫలకానికి నిట్టనిలువుగా వచ్చేవరకు రోగిని తిప్పుతాడు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. ఈ చిత్రం కోసం దెబ్బ తగిలిన చేయిని కదపనక్కరలేదు. చేయి జోలెలో వేలాడుతున్నా ఫరవాలేదు. తిరిగేది చేయి కాదు, మనిషి. మొదటి చిత్రంలో కూడా నొప్పివల్ల చేయి లేవకపోతే బలవంతంగా లేపరు. లేచినంతవరకు తీసుకుని, మిగతాది దేహాన్ని తిప్పి సాధిస్తారు.

ఒక్క నీడను నమ్మరాదు

రెండు చిత్రాలు దేనికి? ఒకటి చాలదా? చాలదు. ఎందుకంటే నీడ దగ్గర ఒక లోపం ఉంది. దీపానికీ తెరకూ మధ్య బొమ్మను అటూ ఇటూ జరిపితే నీడ జరుగుతుంది. కాని దీపం వైపుకు గాని, తెర వైపుకు గాని సూటిగా జరిపితే నీడ దాదాపు ఉన్నచోటనే ఉంటుంది.

భుజం కీలు జారినప్పుడు ఎక్కువమందిలో ఎముక తల ముందుకు, లోపలికి, కిందికి జారుతుంది. ముందునుంచి తీసిన చిత్రంలో అది తెలిసిపోతుంది. కొద్దిమందిలో మాత్రం తల సూటిగా వెనక్కు జారుతుంది. విద్యుద్ఘాతం తగిలినప్పుడు, మూర్ఛ వచ్చినప్పుడు ఇలా జరగవచ్చు. భుజం చుట్టూ ఉన్న కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటే, చేయిని లోపలికి తిప్పే బలమైన కండరాలు గెలిచి, ఎముక తలను గుంటనుంచి వెనక్కు నెట్టేస్తాయి. కరెంటు తీగల పక్కన కొబ్బరి చెట్లెక్కేవారికి, చెరువుల దగ్గర మోటార్లతో పనిచేసేవారికి ఈ ప్రమాదం ఉంది.

వెనక్కు జారటం అంటే కిరణాలు వెళ్ళే దిక్కులోనే జారటం. అందువల్ల ముందునుంచి తీసిన చిత్రంలో తల గుంట ఎదుటనే ఉన్నట్లు కనిపించవచ్చు. ఈ జారుడు మొదటి పరీక్షలో కంటబడకుండా తప్పించుకుంటుందని వైద్యులకు బాగా తెలుసు. 'ఎముక బాగానే ఉంది, ఉత్త బెణుకు' అని ఇంటికి పంపితే, వారాలు గడిచేకొద్దీ ఎముక తల గుంట అంచుకు ఒరుసుకుని దెబ్బతింటుంది, కీలు బిగుసుకుపోతుంది. ఆ తరువాత సరిచేయాలంటే పెద్ద శస్త్రచికిత్స కావలసి రావచ్చు. చెట్టెక్కే మనిషికి చేయి లేవకపోతే ఆ ఇల్లు గడిచేదెలా?

'వై' చిత్రంలో ఈ మోసం సాగదు. ఎముక తల పంగ మీద ఉంటే కీలు సరిగా ఉన్నట్లు. కొరకాయిడ్ కిందికి వస్తే ముందుకు జారినట్లు. అక్రోమియాన్ కిందికి వెళితే వెనక్కు జారినట్లు. పక్కనుంచి చూశాం గనుక ముందు వెనకల తేడా కనిపించింది.

స్కాపులా విరగటం అరుదు. మొత్తం ఎముకలు విరిగిన సంఘటనల్లో అది సుమారు నూటికి ఒకటి. మందమైన కండరాల మధ్య ఉన్న ఆ పలక విరిగిందంటే చాలా గట్టి దెబ్బ తగిలి ఉండాలి. కనుక వైద్యులు ప్రక్కటెముకలను, ఊపిరితిత్తులను కూడా పరీక్షిస్తారు. విరుగుడు చిక్కుగా ఉంటే సీ.టీ. స్కాన్ తీస్తారు. 1971లో ఇంగ్లండులో మొదటిసారిగా రోగిపై వాడిన ఈ పరికరం, ఎన్నో దిక్కులనుంచి తీసిన నీడలను కంప్యూటరుతో కూర్చి ముక్కలు ముక్కలుగా చూపుతుంది. రెండు నీడలు కావాలన్న ఆలోచనే పెరిగి వందల నీడలైంది.

మనం తెలుసుకోవలసినవి

భుజానికి దెబ్బ తగిలినవారి చేయి పట్టి లాగటం, తిప్పటం, మర్దన చేయటం కూడదు. ఎముక ఎటు జారిందో, ఎక్కడ విరిగిందో ఎక్స్‌రే తీసేవరకు తెలియదు. చేయిని ఉన్న స్థితిలోనే తువాలుతో జోలె కట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ప్రమాదం ఎలా జరిగిందో వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. 'కరెంటు కొట్టింది' అన్న ఒక్క మాటతో ఆయన చూపు వెనక్కు జారిన కీలు మీదికి మళ్ళుతుంది. అయితే విద్యుద్ఘాతం తగిలిన మనిషిని ముట్టుకునే ముందు కరెంటు ఆపటం మరవకండి. గొప్ప ఎత్తునుంచి పడినవారికి మెడ, వెన్నెముక కూడా దెబ్బతిని ఉండవచ్చు. వారిని లేపి కూర్చోబెట్టకుండా అంబులెన్సును పిలవాలి.

కిరణాలంటే మరీ భయపడవలసిన పని లేదు. నేలనుంచి, ఆకాశంనుంచి, గాలినుంచి సహజంగా మన మీద పడే వికిరణం ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు. భుజం ఎక్స్‌రే ఒకదానికి అయ్యేది సుమారు 0.01 మిల్లీసీవర్టు మాత్రమే. అయినా అనవసరంగా ఒక్క చిత్రం కూడా తీయకూడదన్నది నియమం. మన దేశంలో ఎక్స్‌రే యంత్రాల భద్రతను 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తుంది. తోడు వెళ్ళినవారు గది బయటనే ఉండాలి. గర్భిణీ స్త్రీలు ఆ విషయం ముందే చెప్పాలి. రోగి కదిలితే చిత్రం చెడి మళ్ళీ తీయవలసి వస్తుంది; కనుక చెప్పినట్లు నిలబడటం కూడా కిరణాల మోతాదును తగ్గించే మార్గమే. నొప్పివల్ల నిలబడలేకపోతే ఆ మాట చెప్పటానికి మొహమాటపడకూడదు. పడుకోబెట్టి తీసే పద్ధతులు కూడా ఉన్నాయి.

మీరే చేసి చూడండి

కావలసినవి: గట్టి అట్ట, ఆరు కొబ్బరి ఈనెలు, జిగురు, చిన్న మట్టి ఉండ, టార్చి లైటు.

అట్టను 15 సెంటీమీటర్ల పొడవుగల త్రిభుజంగా కత్తిరించండి. దాని పై మూలకు ఒకవైపు ఒకటి, రెండవ వైపు ఒకటి చిన్న అట్టముక్కలను కొమ్మల్లాగా ఏటవాలుగా అతికించండి. ఇదే మీ స్కాపులా. ఈనెలను వరుసగా రెండు కర్రముక్కలకు కట్టి ప్రక్కటెముకల చట్రం తయారుచేయండి. చీకటి గదిలో గోడకు ఒక మీటరు దూరంలో టార్చి పెట్టండి.

మొదట త్రిభుజాన్ని గోడకు సమాంతరంగా, చట్రాన్ని దానిముందు పట్టుకుని నీడ చూడండి. తరువాత చట్రాన్ని పైకీ కిందికీ ఆడించండి. ఆ తరువాత చట్రం తీసివేసి, త్రిభుజాన్ని మెల్లగా తిప్పుతూ 'వై' ఆకారం వచ్చేచోట ఆపండి. చివరగా మట్టి ఉండను ఈనెకు గుచ్చి కొమ్మల పంగ దగ్గర పెట్టి, త్రిభుజానికి ముందుకూ వెనక్కూ జరపండి. త్రిభుజం గోడకు సమాంతరంగా ఉన్నప్పుడు ఉండ నీడ ఎంత జరిగింది? 'వై'గా ఉన్నప్పుడు ఎంత జరిగింది? రెండూ కాగితం మీద గీసుకుని పోల్చండి.

ఆలోచించండి

1. చేయిని రొమ్ము మీదుగా రెండవ భుజం మీద వేస్తే స్కాపులా ఇంకా ముందుకు వాలుతుంది. ఆ వాలు 45 డిగ్రీలయితే, 'వై' చిత్రానికి దేహాన్ని ఎన్ని డిగ్రీలు తిప్పాలి?

2. గొట్టానికీ ఫలకానికీ మధ్య దూరం 100 సెంటీమీటర్లు. 15 సెంటీమీటర్ల స్కాపులా ఫలకానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నీడ పొడవెంత?

3. ఊపిరితిత్తుల కోసం రొమ్ముకు ఎక్స్‌రే తీసేటప్పుడు చేతులు నడుంమీద పెట్టించి, భుజాలు ముందుకు వంచమంటారు. ఎందుకు?

జవాబులు: 1. 45 డిగ్రీలు. 2. సుమారు 16.7 సెంటీమీటర్లు. 3. ఇక్కడ చూడవలసింది ఊపిరితిత్తులు, అడ్డం వచ్చేది స్కాపులా. భుజాలు ముందుకు వంచితే స్కాపులా పక్కకు జారి అడ్డు తొలగుతుంది.